ఈ వయసులో మీకెందుకండీ?



ఈ పుటలో ఇన్నాళ్ళూ చాటువులు, ఛందస్సు, సమస్యాపూరణలు తప్ప సొంతగోడు చెప్పుకొన్నవాణ్ణి కాను. నేటి టపా కొంత కటువుగా ఉంటుంది. ముప్ఫైమూడేళ్ళు బడిలో తెలుగు చెప్పినవాడికి ఆపాటి కటువుదనానికి హక్కుంటుందన్న ధైర్యంతో రాస్తున్నాను. నొచ్చుకొన్నవారు మన్నింతురు గాక. ‘ఇది నన్నే అన్నాడు’ అని ఎవరైనా అనుకొంటే, అవును, వారినే అన్నానని గ్రహింతురు గాక.

విషయమిది. 2024 జనవరిలో నేనూ, నా సహధర్మచారిణీ గరివిడిలో మా ఇంటికి తాళం వేసి ప్రయాణమయ్యాము. మలేషియా, థాయ్‌లాండు, కంబోడియా, వియత్నాం, ఇండోనేషియా. ఐదు దేశాలు, 112 రోజులు. తిరిగి వచ్చేసరికి ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. అప్పటికి నాకు అరవైయారు, ఆవిడకు అరవైయొకటి. ఆ దేశాల్లో మా పిల్లలు లేరు. పురుడు పోయవలసిన పని లేదు, మనవడి అన్నప్రాశన లేదు, వైద్యం లేదు, వ్యాపారం లేదు. చూడడానికి వెళ్ళాము. ఈ చివరి మాట ఒక్కటే ఇంతమందికి గొంతులో వెలగకాయై కూర్చుంది.

వచ్చిన వారంరోజుల్లో పలకరించవచ్చిన ఆప్తులు అడిగిన మొదటి ప్రశ్న, “ఎంతయింది?” రెండవది, “ఇంటికి కాపలా ఎవరు?” మూడవది మా ఆవిడను ఉద్దేశించి, “వంట ఎలా చేసుకొన్నారు వదినగారూ?” నాలుగవది రూపంలో ప్రశ్న, సారంలో తీర్పు. “ఈ వయసులో మీకెందుకండీ?” “ఏం చూశారు?” అన్నవారిని లెక్కించడానికి ఒక చేతి వేళ్ళు చాలు. అవీ మిగులుతాయి.

తెలుగు పండితుణ్ణి గనుక మాటను పట్టుకొని వదలను. ‘ఎందుకు’ అన్నది ప్రయోజనాన్ని అడిగే పదం. దేనికొఱకు అని. చూడడానికి ప్రయోజనమేమిటని అడిగేవారు కంటికి ప్రయోజనమేమిటని కూడ అడగవలసి వస్తుంది. అద్దాలు మార్పించుకోవడానికి నాతోపాటు విజయనగరం వచ్చే మిత్రులెవరూ ఆ ప్రశ్న అడగలేదు. దినపత్రిక చదవడానికి కన్ను కావాలి, పింఛను పుస్తకం చూసుకోవడానికి కన్ను కావాలి. ప్రపంచాన్ని చూడడానికి మాత్రం అక్కరలేదు కాబోలు.

మా ప్రాంతానికి సముద్రం దాటడం వింతా కాదు, కొత్తా కాదు. ‘రంగం వెళ్ళడం’ మా తాతల కాలంలో ఇంటింటి మాట. భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో ఆవిరి ఓడలెక్కి మనవాళ్ళు రంగూనుకు పోయారు. రేవుల్లో మూటలు మోశారు, బియ్యపు మిల్లుల్లో చెమటోడ్చారు. కోరంగి రేవుపేరు పెట్టి అక్కడివారు వాళ్ళను ‘కోరంగీలు’ అన్నారు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె వెనువెంట చెలరేగిన అల్లర్లలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకొన్నారు. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు పడ్డాక వేలమంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. దారిలోనే రాలిపోయినవారూ ఉన్నారు. 1962లో సైన్యం రాజ్యానికి వచ్చాక మరొకసారి కట్టుబట్టలతో తిరిగివచ్చినవారి గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు అనే పేట నేటికీ ఉంది. ఆనాడు ఓడెక్కినవాణ్ణి ‘ఎందుకు?’ అని ఎవరూ నిలదీయలేదు. ఆకలి అందరికీ తెలిసిన భాష.

నేటి సముద్రయానం వేరు. హైదరాబాదులో అమెరికావారి కాన్సులేటు 2008లో తెరిచారు. అంతకుముందు మనవాళ్ళు చెన్నై పోయి వరుసలో నిలబడేవారు. వీసా కోసం చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక మొక్కు తీర్చడానికి నూటెనిమిది. పిమ్మట అమ్మానాన్నలు పచ్చళ్ళ సీసాలతో విమానమెక్కి, ఆరునెలలపాటు కిటికీలోంచి కార్లు నిలిపే స్థలాన్ని చూస్తూ, మనవణ్ణి లాలిస్తూ గడిపి వస్తారు. వచ్చినవారిని ఊరు ‘అదృష్టవంతులు’ అంటుంది. ఆ తల్లిదండ్రులను నేను చులకన చేయడంలేదు. వారి ప్రేమ గొప్పది, వారి ఒంటరితనం అంతకన్న పెద్దది. కాని, “ఈ వయసులో మీకెందుకండీ?” అని వారిని అడిగినవారిని నేను చూడలేదు. డెబ్బైయేళ్ళ తల్లి మోకాళ్ళ నొప్పులతో ఇరవై నాలుగు గంటలు విమానంలో కూర్చొని పురుడు పోయడానికి వెళితే అడ్డురాని వయసు, అరవైయొకటేళ్ళ ఇల్లాలు నాలుగు గంటలు కూర్చొని ఒక గుడి చూడడానికి వెళితే అడ్డువస్తుంది!

అంటే లోకరీతి ఇట్లున్నది. పొట్టకోసం సముద్రం దాటితే జాలి. బిడ్డలకోసం దాటితే మెప్పు. కళ్ళకోసం దాటితే నింద. దీని అడుగున ఉన్న సిద్ధాంతాన్ని పైకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు గనుక నేనే చెబుతాను. ముసలివాళ్ళు ఎవరికో ఒకరికి పనికిరావాలి. పనికివచ్చినంత కాలం వారి ప్రయాణం ధర్మం. తమకోసం తాము కదిలితే విలాసం. నేను కాదంటున్నది దీన్నే.

ఇక శాస్త్రం. దూరపు చుట్టమైన ఒక పెద్దాయన, నిష్ఠాపరులు, “సముద్రం దాటడం పాతకమని మీకు తెలియనిదా?” అని మందలించారు. తెలుసు. బౌధాయన ధర్మసూత్రాలలో సముద్రయానం పతనీయాలలో లెక్కకు వచ్చింది, కలివర్జ్యాలలోనూ చేరింది. ఐతే అదే బౌధాయనుడు మరొకచోట ఉత్తరదేశంవారి ప్రత్యేకాచారాలను ఏకరువు పెడుతూ అందులో సముద్రయానాన్నీ చేర్చాడు. ఎవరూ చేయని పనికి నిషేధం అక్కరలేదు. నిషేధం ఉన్నదంటేనే ఓడలు కదులుతున్నాయని అర్థం. అదలా ఉంచండి. ఆ పెద్దాయన కుమారుడు డల్లాసులో ఉన్నాడు. అతడు పంపిన డాలర్లు సముద్రం దాటే వచ్చాయి. వాటికి ప్రాయశ్చిత్తం చేయించిన దాఖలా లేదు.

శాస్త్రంకన్న మన నేల చెప్పే సాక్ష్యం నాకు బలంగా కనబడుతుంది. మాకు ఎంతో దూరంలో లేని వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధారామం ఉంది. ఆ నది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ కళింగతీరంనుంచి తూర్పుదీవులకు నావలు పోయిన కాలం ఒకటుంది. దక్షిణభారతంనుంచి వచ్చినవారిని మలయాభాషలో ‘కెలింగ్’ అనేవారు, అది మన కళింగమే. కాలక్రమాన ఆ మాట అక్కడ తిట్టుగా మారడం వేరే కథ. ఆ పేరు మోసిన జాతిలో పుట్టి, ‘మాకు సముద్రం అచ్చిరాదు’ అని ఇంట్లో కూర్చోవడం ఆచారమా, మతిమరుపా?

ఇల్లాలు ఓడెక్కడం కూడ నిన్నటి మాట కాదు. 1873లో పోతం జానకమ్మ రాఘవయ్య అనే తెలుగు ఇల్లాలు ఇంగ్లండుకు ప్రయాణం కట్టింది. ఆమె తెలుగులో రాసుకొన్న విశేషాలు 1876లో మద్రాసులో ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ పేరిట ఆంగ్లంలో వెలువడ్డాయి. నూటయాభై ఏళ్ళ కిందటి మాట. నేను చదివిన పాఠ్యపుస్తకాల్లోగాని, చెప్పిన పాఠ్యపుస్తకాల్లోగాని ఆమె పేరు నాకు తగల్లేదు. నేనూ నా పిల్లలకు చెప్పలేదు. ఆ తప్పు పుస్తకాలది సగం, నాది సగం.

డబ్బు సంగతి దాచను. విమానాలతో సహా ఇద్దరికీ కలిసి 4,60,000 రూపాయలు. మనిషికి రోజుకు రెండువేల పైచిలుకు. నా ప్రావిడెంటు ఫండులో మిగిలినదానిలోంచి తీశాను. అప్పు చేయలేదు, పిల్లల్ని అడగలేదు. “ఆ డబ్బుతో విజయనగరంలో ఓ స్థలం ముక్కయినా వచ్చేది” అన్నారొకరు. నిజమే. ఆ స్థలంలో నేనేం చేసేవాణ్ణి? చుట్టూ కంచె వేసి, నెలకొకసారి వెళ్ళి, ఎవరూ ఆక్రమించలేదని తృప్తిపడి వచ్చేవాణ్ణి. అదీ ఒక యాత్రే. నా మిత్రుల్లో చాలామంది చేస్తున్న యాత్ర అదే.

ఐతే ఒక ఆక్షేపణ ఉంది, దాన్ని మాత్రం వెటకారంతో దాటవేయను. నా పాత శిష్యుడొకడు, ఇప్పుడు తానూ ఉపాధ్యాయుడే, నెమ్మదిగా అన్నాడు. “మాస్టారూ, మన జిల్లానుంచి జనం హైదరాబాదుకూ చెన్నైకీ తాపీపనులకు వలసపోతున్నారు. వాళ్ళ పిల్లలు బడి మానేస్తున్నారు. ఆ నాలుగు లక్షలూ...” అని ఆగాడు. ఆ ఆగడం నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. దీనికి నా దగ్గర సంపూర్ణమైన సమాధానం లేదు. ఉద్యోగంలో ఉండగా నేను చేసినది కొంత ఉంది, అది చెప్పుకొనేదికాదు, చాలినదీ కాదు. కాని ఒకటి అడుగుతాను. ఆ శిష్యుడికి ఆ ప్రశ్న అడిగే అర్హత ఉంది, అతడు జీతంలోంచి ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాడు. తక్కినవారికి ఏ అర్హత ఉంది? పెళ్ళిమండపంలో ఒక్క పూట పూల అలంకరణకు లక్షలు పోసి, మర్నాడు పారిశుద్ధ్య కార్మికులచేత ఊడ్పించేవారికి వలసకూలీల పిల్లలు నా విమానం టిక్కెట్టు చూస్తేనే ఎందుకు గుర్తుకు వస్తారు? బీదవాణ్ణి పొరుగువాడిమీద విసరడానికి రాయిగా వాడుకోవడం దానధర్మం కాదు.

మరొక చోద్యం చూడండి. కొచ్చిలో శ్రీ బాలాజీ కాఫీ హౌస్ నడిపిన విజయన్, మోహన దంపతుల కథ మీకు తెలిసే ఉంటుంది. టీకొట్టు ఆదాయంలో రోజూ కొంత దాచి, చాలనిదానికి అప్పు తెచ్చి, తిరిగివచ్చి ఆ అప్పు తీర్చి, మళ్ళీ బయలుదేరేవారు. 2007లో ఇజ్రాయెలుతో మొదలుపెట్టి పాతికకు పైగా దేశాలు చూశారు. 2021లో రష్యా చూసివచ్చిన కొద్దివారాలకే, నవంబరులో, విజయన్ కన్నుమూశారు. వారి వీడియోలను మా మిత్రులే నాకు వాట్సాపులో పంపారు. “ఆదర్శ దంపతులు”, “జీవితమంటే ఇదీ”, కింద చేతులు జోడించిన బొమ్మలు. విజయన్ అప్పు చేసి తిరిగాడు, ఆదర్శం. నేను సొంతడబ్బుతో తిరిగాను, దుబారా. తేడా ఏమిటి? ఆయన కొచ్చిలో ఉన్నాడు, నేను పక్కవీధిలో ఉన్నాను. దూరపు కొండలు నునుపన్న సామెత దూరపు మనుషులకూ వర్తిస్తుంది. పక్కింటివాడి స్వేచ్ఛకు మాత్రం గరుకెక్కువ, ఒరుసుకొంటుంది.

ఇక అపరిచితుల మాట చెప్పకపోతే కృతఘ్నుణ్ణవుతాను. ఫేకర్ కర్మాగారంలో పనిచేసి విరమించిన ఒకాయన స్టేషను దగ్గర ఆపి అడిగాడు. “మాస్టారూ, శానా దేశాలు తిరిగేరట కదా. అక్కడ గనులేటైనా సూసేరా?” పేరాక్ రాష్ట్రంలో కింటా లోయలో తగరం తవ్వి వదిలేసిన గుంతలు చెరువులైపోయిన సంగతి చెప్పాను. మాంగనీసు దుమ్ములో బతికిన మనిషి, అరగంట కదలకుండా విన్నాడు. గుంతల్లో నీళ్ళు తాగడానికి పనికొస్తాయా, అక్కడి కూలీలు ఏ దేశంవాళ్ళు, గనులు మూసినప్పుడు ఎటు పోయారు, అని అడిగాడు. ఎంతయిందని అడగలేదు.

మా వీధికి కూరగాయలు తెచ్చే ఆవిడ మా ఇంటావిడను అడిగింది. “అమ్మా, ఆ దేశాల్లో కూరలు ఎవులమ్ముతారు? ఆడోల్లా, మగోల్లా? తూకం మనలాగేనేటి?” మా ఆవిడ ఫోనులో బొమ్మలు తీసి చూపించింది. వియత్నాంలో భుజంమీద కావిడితో, తలమీద వెదురుటోపీతో నడిచే స్త్రీలు. ఆమె తట్ట దించి, మెట్టుమీద కూర్చొని, ఒక్కొక్క బొమ్మా చూసి, “ఆవిడకీ నాలాగే భుజం కాసిపోయుంటాది” అంది. 112 రోజుల ప్రయాణంమీద నేను విన్న వ్యాఖ్యానాల్లో దీనికి సాటివచ్చేది లేదు.

వంట ప్రశ్నకు మా ఆవిడ ఇచ్చిన జవాబు కూడ చెప్పాలి. “నూటపన్నెండు రోజులు నేను పొయ్యి ముట్టలేదు వదినా” అంది. గదిలో నలుగురు స్త్రీలున్నారు. ఒక్కసారిగా మాటలాగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో అసూయ లేదు. ముప్ఫై నలభై ఏళ్ళ లెక్క ఏదో వారు లోపల వేసుకొంటున్నట్టు నాకనిపించింది.

ఆ లెక్క దగ్గరే నా కథ నాకు ఎదురుతిరిగింది. అంగ్కోరు గుళ్ళు చూడడానికి మూడురోజుల ప్రవేశపత్రం మనిషికి 62 డాలర్లు. కౌంటరు దగ్గర ఆవిడ, “మీరు చూసి రండి, నేను ఇక్కడ కూర్చుంటాను” అంది. ఆ మాట ఆవిడ నోట కొత్తది కాదు. పెళ్ళయిన నాటినుంచి సినిమాహాలు దగ్గర, తిరునాళ్ళలో, మహాసభల దగ్గర, ఎన్నిసార్లు అన్నదో, ఎన్నిసార్లు నేను సరేనన్నానో. ఆనాడు కాదన్నాను. పన్నెండవ శతాబ్దిలో సూర్యవర్మ కట్టించిన అంగ్కోరు వాట్‌లో క్షీరసాగరమథనం చెక్కిన గోడ ఉంది. దాదాపు 49 మీటర్ల పొడవు. ఒకవైపు అసురులు, ఒకవైపు దేవతలు, నడుమ వాసుకి. ఆవిడ ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి వచ్చి, “పోతనగారి పద్యాలు చెప్పి పిల్లల్ని ఏళ్ళతరబడి ఊపేశారు కదా, ఇంటికి వచ్చి నాకెప్పుడూ చెప్పలేదేం?” అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. సముద్రలంఘనం తరగతిలో రాగయుక్తంగా చదివి పిల్లలచేత చప్పట్లు కొట్టించుకొన్నవాణ్ణి, కళింగపట్నం దీపస్తంభానికైనా ఆవిడను తీసుకువెళ్ళలేదు. “తరువాత చూద్దాం” అన్నాను, ముప్ఫైమూడేళ్ళు. ‘ఈ వయసులో ఎందుకు’ అనేవారి గురువు ‘ఇప్పుడే ఎందుకు’ అనేవాడు. ఆ గురువును నేనే. కనుక ఈ టపాలో ఎవరిని తిట్టినా మొదటి దెబ్బ నాకే తగిలిందని గ్రహించండి.

చివరిగా ఒక్కరికి.

నలభైయేళ్ళ స్నేహం మనది. లెక్కల మాస్టారు మీరు, తెలుగు పంతుల్ని నేను. సాయంత్రాలు స్టేషనులో ఒకే బల్లమీద కూర్చొని, వచ్చేపోయే రైళ్ళు చూసినవాళ్ళం. మేము తిరిగివచ్చాక మీరు రావడం మానేశారు. కబురు పెడితే, “మీ సరదా మీరు తీర్చుకొన్నారు, మా ఇంట్లో నిప్పు పెట్టారు” అన్నారు. మా ఫొటోలు చూసి మీ ఇల్లాలు, “మనం కూడ ఒకసారి వెళ్దామా?” అని అడిగారట. అంతే కదా జరిగింది? దానికి మీరు ‘మతి పోయిందా’ అన్నారట. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదట.

మాస్టారూ, ఆ నిప్పు నేను పెట్టింది కాదు. అది నివురుగప్పి మీ ఇంట్లో నలభైయేళ్ళుగా ఉంది, మా ఇంట్లో ఉన్నట్టే. ఆవిడ అడిగింది ఇండోనేషియా కాదు. తన మాటకు విలువుందా అని అడిగారు. దానికి జవాబు చెప్పవలసినవారు మీరు, నామీద కోపగించుకొంటే తీరదు. డబ్బు లేదంటారా, కళింగపట్నానికి విమానం అక్కరలేదు. మోకాళ్ళు నొప్పులంటారా, నావీ నొప్పులే. పదిమంది ఏమనుకొంటారంటారా, ఆ పదిమందిలో మొదటివారు మీరే అయ్యారని నా బాధ.

బల్లమీద మీ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. నేను రోజూ ఐదున్నరకు వెళుతున్నాను.

నా పాస్‌పోర్టుకు 2033 దాకా గడువుంది. అప్పటికి నాకు డెబ్బైయైదు. అందాకా ఎన్నిసార్లు తాళం వేస్తామో తెలియదు. ఈసారి ఎవరైనా “మీకెందుకండీ” అంటే, మా ఆవిడే జవాబు చెబుతానంటోంది. ఆ జవాబు నాకు కూడ ఇంతవరకు చెప్పలేదు.

ఉంటాను. వ్యాఖ్యల్లో ‘ఎంతయింది’ అని అడగబోయేవారు పైన మరొకసారి చూసుకోండి. అంకెలు అక్కడే ఉన్నాయి.